తమ్ముడి పైపులు

యాభై దాటినా అతన్ని అందరూ తమ్ముడనే పిలుస్తారు. అక్క పిలిచిందంటే అర్థముంది. పళ్ళ డాక్టర్లు కూడా ఫోన్ చేసి "తమ్ముడున్నాడా, ఒకసారి ఇవ్వండి" అంటారు. డాక్టర్ల దగ్గర్నుంచి దవడల అచ్చులు పట్టుకొచ్చే మోటార్‌సైకిల్ మనిషికి అతని వయసులో సగం ఉంటుంది. మర్యాద తక్కువ కాకూడదని "తమ్ముడుగారూ" అంటాడు. గడ్డం గీసుకుంటూ అద్దంలో తన నెరిసిన మీసం చూసినప్పుడల్లా, ఎవరో పెద్దాయన పొరపాటున తమ్ముడి గదిలోకి వచ్చి నిలబడ్డట్టుంటుంది అతనికి.

ఆ పిలుపు అక్క పెళ్ళినాటిది. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది అక్కే. పెళ్ళయి బావ ఇంటికి వస్తూ ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఇంకో చేత్తో తమ్ముణ్ణి పట్టుకొచ్చింది. "పెట్టె బరువా, వీడు బరువా?" అని బావ గుమ్మంలోనే నవ్వుతూ అడిగాడట. అడిగి, రెండూ తనే లోపలికి మోశాడట. బావ మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒక్కరున్నా తమ్ముడికి పని సులువయ్యేది.

బావది కట్టుడు పళ్ళు చేసే ల్యాబు. కింద ముందుగది, వెనకగది. పైన ఇల్లు. ఆ పైన మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన తమ్ముడి గది. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే నిద్ర, మధ్య అంతస్తులో భోజనం. జీవితాన్ని ఎవరో నిలువుగా పేర్చిపెట్టినట్టు ఉండేది, పక్కకి ఒక్క అడుగు జరగడానికి చోటు లేకుండా.

వెనకగదికి కిటికీ ఉంది, తెరవరు. గాలి కొడితే స్పిరిటు దీపం రెపరెపలాడుతుంది, మైనం సరిగ్గా కరగదు. ట్యూబులైటు కింద అన్ని కాలాలూ ఒకే రంగులో ఉంటాయి. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ దవడలు, పైదీ కిందదీ జతలుగా, నోళ్ళు తెరుచుకుని. ఏదో చెప్పబోయి ఆగిపోయిన ఊరంతా అక్కడే ఉన్నట్టుంటుంది. తమ్ముడు వాటి మధ్య కూచుని మైనం చెక్కుతాడు, పళ్ళు నిలబెడతాడు, చిగుళ్ళకి మెరుగు పెడతాడు. చెయ్యి తిరిగిన పనివాడు. అతను చేసిన పళ్ళు పెట్టుకున్నవాళ్ళు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోరని డాక్టర్లు చెబుతారు.

మొదటి పైపు అతనికి ఒక ఆదివారం రోడ్డు పక్క దొరికింది. పాతసామాన్లవాడు దుప్పటి పరిచి, దాని మీద తాళంచెవులూ విరిగిన కళ్ళజోళ్ళూ పోసిన రేకుడబ్బా పెట్టుకున్నాడు. అందులోంచి నల్లటి ముక్క ఒకటి బయటికి చూస్తోంది. తమ్ముడు దాన్ని తీసింది పైపని తెలిసి కాదు, దాని మీద పంటిగాట్లు చూసి. పళ్ళు చేసేవాడి కంటికి అది చేవ్రాలంత తేటగా కనిపించింది. ఎడమవైపు కోరపన్ను అరిగిపోయిన మనిషి. పైపుని ఎప్పుడూ ఆ వైపే పట్టేవాడు, మాట్లాడుతూ కూడా తీసేవాడు కాదు. పోయి ఎన్నేళ్ళయిందో, ఆ నోరు ఇంకా పట్టు వదల్లేదు.

అది బ్రిటన్‌లో చేసిన పొగాకు పైపని తర్వాత తెలిసింది. ఇంటికి తెచ్చి, విప్పి, భాగాలకి తనే పేర్లు పెట్టుకున్నాడు. పొగాకు కూరేది గిన్నె. గిన్నె నుంచి సాగే చెక్క, మెడ. మెడలోకి దూరి, నోట్లో పెట్టుకునేందుకు బయటికి వచ్చే నల్లటి ముక్క, మూతి. గిన్నే మెడా ఒకే చెక్క, రాళ్ళనేలలో పెరిగే ఏదో పొద వేరుముడి. మూతి గట్టి రబ్బరు. "ఆ రబ్బరుతోనేరా, పూర్వం మనవాళ్ళు కట్టుడు పళ్ళకి చిగుళ్ళు చేసేవాళ్ళు," అన్నాడు బావ, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ. అప్పట్నుంచి తమ్ముడికి ఆ పైపులు దూరపు చుట్టాలయిపోయాయి.

పని మేడమీద గదిలో చేసేవాడు, పొద్దున్నే, ల్యాబు తెరవకముందు. గిన్నె లోపల కట్టిన బొగ్గుపొరని కొద్దికొద్దిగా గీకాలి. తొందరపడితే చెక్క గాయపడుతుంది. గీకాక గిన్నెనిండా ఉప్పు పోసి, స్పిరిటు చుక్కలు వేసి వదిలెయ్యాలి. తెల్లటి ఉప్పు మెల్లగా టీ రంగుకి తిరుగుతుంది. ఎవరో ఎక్కడో కిటికీ పక్కన కూచుని పీల్చిన సాయంకాలాలన్నీ ఆ ఉప్పులోకి దిగుతున్నట్టుండేది. మూతి పాతబడితే నలుపు చచ్చి, నాచు పట్టిన రంగులోకి వస్తుంది. గరుకు కాగితం తడిపి రుద్దగా రుద్దగా, ఒక చోట, గింజంత మేర, వాన వెలిసిన తారురోడ్డు నలుపు బయటపడుతుంది. ఆ గింజ కోసమే అతను తెల్లారకుండా లేచేవాడు.

పంటిగాట్లు మాత్రం చెరిపేవాడు కాదు. అంచులు మెత్తబరిచి వదిలేసేవాడు.

అతనికి పొగతాగే అలవాటు లేదు. ఛాతీ పడదు. వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళకి మరో సంగతి తెలిసింది. "మీరు పైపులు బాగుచేస్తారట కదా, మా వంటింట్లో కారుతోంది, ఒకసారి వస్తారా?" అని ఎదురింటావిడ వచ్చింది. తమ్ముడు వెళ్ళాడు. బాగుచేసి వచ్చాడు కూడా.

తర్వాతి పైపులు అతను కొన్నవి కావు. బావ తెచ్చినవి.

ఒకప్పుడు వేరే ఊళ్ళో పెద్ద ల్యాబులో పని ఉందని కబురొచ్చింది. తమ్ముడు ఇంట్లో చెప్పలేదు, చెప్పడానికి మాటలు కూడదీసుకుంటున్నాడు. ఆ వారమే ఒక సాయంత్రం అతని కంచం పక్కన కాగితప్పొట్లం కనిపించింది. విప్పితే వంపు తిరిగిన పైపు, మెడకి వెండి పట్టీ, పట్టీ మీద వెండికి వేసే ముద్రలు, చీమతలకాయంత సింహం, పక్కన లంగరు. "తెలిసినాయన ఇంట్లో పడి ఉంటే తెచ్చా, నీకు పనికొస్తుందని," అన్నాడు బావ. లోపల పొగాకు రాయిలా గట్టిపడి ఉంది. తమ్ముడు దానితో కూచున్నాడు. సింహం కళ్ళు తెరిచేసరికి ఆ పెద్ద ల్యాబువాళ్ళు ఇంకొకర్ని పెట్టుకున్నారు.

ఇంకోసారి ఒక నర్సు. డాక్టరు దగ్గరికి పళ్ళ సెట్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇతనికి కుర్చీ చూపించి టీ పోసేది. మాటలు టీ దాటి ముందుకు వెళ్ళాయి. ఆవిడకి వేరే చోటికి బదిలీ అయింది. "మీరూ వస్తే అక్కడ పళ్ళు లేనివాళ్ళుండరా ఏంటి?" అంది నవ్వుతూ, నవ్వు చివర ఆగి. ఆ రోజుల్లోనే నీలం మఖమలు పరిచిన పెట్టెలో జంట పైపులు వచ్చాయి. మఖమలుకి చిమ్మట పట్టింది. దాన్ని దారం దారం సరిచేస్తూ ఉండగా, నీలం రంగులో ఎక్కడో ఆవిడ వెళ్ళే రోజు కూడా వెళ్ళిపోయింది.

అదీ పోనిచ్చి, ఈ ఊళ్ళోనే సొంతంగా ఒక గది అద్దెకి తీసుకుందామనుకున్నప్పుడు, మూరెడు పొడుగు మట్టిపైపు వచ్చింది. సుద్దముక్కంత పెళుసు. "దీన్ని పట్టుకుని ఇల్లు మారడం ఎలారా, ముట్టుకుంటే విరిగేట్టుంది," అన్నాడు బావ దిగులుగా. అందులో దిగులు నిజమైనదే.

ఇలా చేరిన పైపులన్నిటికీ బావ ల్యాబు ముందుగదిలో అద్దాల బీరువా చేయించాడు. వచ్చిన డాక్టర్లకి చూపిస్తాడు. "మా తమ్ముడి చేతిపని" అని మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యేసరికి "మేం చేసినవి" దగ్గరికి వస్తాడు. దుమ్ము పడుతుందని బీరువాకి తాళం. తాళంచెవి బావ జేబులో. తమ్ముడికి తన పైపు ఒకసారి చేతిలోకి తీసుకోవాలనిపిస్తే బావని అడగాలి. బావ ఎప్పుడూ కాదనడు, వెంటనే తీసిస్తాడు. అడగడమే ఒక్కోసారి బద్ధకమనిపించి, అద్దం ఇవతలే నిలబడి చూసి వెళ్ళిపోయేవాడు.

ఇంకో సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ తెలియనట్టు ఉంటారు. బావ చేతులు వణుకుతాయి. మొదట టీ కప్పు సాసర్లో చప్పుడు చేసింది. తర్వాత మైనపు కత్తి పళ్ళెంలోకి జారింది. ఆ తర్వాత నుంచి బావ చేతులు వెనక్కి కట్టుకుని నడవడం నేర్చుకున్నాడు, స్కూలు తనిఖీకి వచ్చిన ఆఫీసరులాగా. డాక్టర్లతో మాటలన్నీ బావవి. పళ్ళన్నీ తమ్ముడివి. తమ్ముడు లేచి వెళ్ళిపోతే ఆ అరల్లో దవడలు అలా తెరుచుకునే ఉంటాయి.

సరిగ్గా అప్పుడు దుకాణం ఆవిడ వచ్చింది.

మూడు వీధుల అవతల పాత వస్తువుల దుకాణం ఆవిడది. గడియారాలు, దీపాలు, చిన్న చిన్న పెట్టెలు బాగుచేయించి అమ్ముతుంది. పక్కపళ్ళ ప్లేటు విరిగితే, డాక్టరు చుట్టూ తిరిగే ఓపిక లేక, తిన్నగా ల్యాబుకే తెచ్చింది. తమ్ముడు అతికిస్తున్నంతసేపూ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బీరువా ముందు నిలబడింది. ప్లేటు నోట్లో పడ్డాకే మాట్లాడింది.

"ఇవి ఎవరు చేశారు?"

"మేమేనండీ," అన్నాడు బావ.

ఆవిడ బావ చేతులు చూద్దామనుకుంది. అవి వెనక ఉన్నాయి. తమ్ముడి చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో రబ్బరు నలుపు. డబ్బిచ్చి బయటికి నడిచి, మెట్ల దగ్గర ఆగింది. చిల్లర ఇవ్వడానికి తమ్ముడు వెనకే వచ్చాడు.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"తమ్ముడంటారండీ."

"నాకంటే పెద్దవారు, నేనెట్లా అంటానండీ ఆ మాట. మాస్టారూ అంటాను. నాకు పనివాడు లేడు మాస్టారూ. ఉన్న అతను కళ్ళు ఆనడం లేదని మానేశాడు. వచ్చి నా బల్ల చూడండి ఒకసారి. చూడ్డానికి ఏమీ అడగను."

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాడు. దుకాణం వెనక భాగంలో, వెనకవీధివైపు తెరుచుకునే కిటికీ దగ్గర బల్ల. బల్ల మీద ఎండ పరుపులా పరిచి ఉంది. కిటికీ బయట మనుషులు పోతున్నారు, కుక్క ఒకటి పోయింది, గొడుగు కొనుక్కుని కొత్తగా తెరిచి చూసుకుంటూ ఒకాయన పోయాడు. లోకం ఇలా అడ్డంగా కూడా కదులుతుందని తమ్ముడు మరిచిపోయాడు. కుర్చీలో కూచున్నాడు. కూచుని ఏం చేయాలో తెలియక రెండు చేతులూ ఎండలో పెట్టాడు.

దుకాణం ఆవిడ ఒక పైపు తెచ్చి ఆ చేతుల మధ్య పెట్టింది. నిటారు మెడ, మెడ మీద లండన్ అని అరిగిన అక్షరాలు. "కొనేవారు కాచుకుని ఉన్నారు. మూతి బిగుసుకుపోయింది, ఎవరికీ రావడం లేదు. ఇది మీరు చేసిస్తే ఒకటో తారీకు నుంచి ఈ బల్ల మీకే. నేను కాచుకు కూచోలేను మాస్టారూ, మీరు రాకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి."

బిగుసుకున్న మూతిని బలం పెట్టి తిప్పితే విరుగుతుంది. దానికో పద్ధతుంది. పైపుని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజరులో కాసేపు పెట్టాలి. చలికి రబ్బరు చెక్కకంటే ఎక్కువ ముడుచుకుంటుంది. పట్టు తనే వదులుతుంది. అప్పుడు పసిబిడ్డ చేతిలోంచి వేలు విడిపించుకున్నట్టు మెల్లగా తిప్పుతూ లాగాలి. తమ్ముడికి ఫ్రీజరంటే అక్క ఫ్రీజరే. అక్కకి ఇది అలవాటే. "ఐసుగడ్డల కోసం చెయ్యి పెడితే ఎవడి పైపో తగులుతుంది," అని విసుక్కుంటుంది. ఒకసారి పొరుగావిడకి ఎంతో తెలిసినట్టు చెప్పడం మెట్ల మీంచి అతనే విన్నాడు: "వేడి మాత్రం తగలకూడదమ్మా. తగిలిందా, లోపల రబ్బరు ఉబ్బిపోయి మెడ పటుక్కుమంటుంది."

ఆ పొద్దున పైపు ఫ్రీజరులో పెట్టి కిందికి దిగాడు. డాక్టరు ఒకాయన అర్జెంటుగా ఫోన్ మీద ఫోన్ చేయడంతో దాని సంగతి మరిచాడు. గుర్తొచ్చి పరుగున మెట్లెక్కేసరికి వంటింట్లో కుళాయి చప్పుడు. అక్క సింకు ముందు నిలబడి ఉంది. చేతిలో పైపు. గీజరు నీళ్ళ ఆవిరి ఆమె కళ్ళజోడుని కమ్మేసింది.

అతను కుళాయి కట్టేసి పైపు తీసుకున్నాడు. మెడ మీద, మూతి దూరే చోటి నుంచి లండన్ దాకా, వెంట్రుకంత సన్నటి గీత.

"మంచు పట్టేసింది కదా అని," అంది అక్క.

తమ్ముడు బల్ల మీద తువ్వాలు పరిచి పైపుని దాని మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూచున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"నీకు తెలుసు కదక్కా."

అక్క కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"ఇది మన పైపు కాదు," అంది చివరికి. "మనవి నాకు తెలుసు. ఆ మొదటిది తప్ప అన్నీ నేను చూసి తెచ్చినవే."

"నువ్వా?"

"మరి మీ బావ అనుకున్నావా? ఆయనకి పైపుకీ ఈలకీ తేడా తెలుసా? ఆయన చేతికిచ్చి నీ కంచం పక్కన పెట్టించేదాన్ని. నేనిస్తే నీకు అనుమానం వస్తుందని."

సింహం, లంగరు, నీలం మఖమలు, సుద్దలాంటి మట్టిపైపు ఒకటొకటే కళ్ళ ముందు వచ్చి నిలబడ్డాయి, ఈసారి వెనక్కి తిరిగి. ప్రతిదాని వీపు మీదా ఆగిపోయిన ప్రయాణం ఒకటి ఉంది.

"నీకెలా తెలిసేది, నేను వెళ్దామనుకుంటున్నానని? ఎవరికీ చెప్పలేదే."

"చెప్పాలా? నువ్వు చెప్పులు తుడుచుకుంటావు. మామూలు రోజుల్లో వాటి మొహమే చూడవు. పోయిన ఆదివారం నుంచి గుమ్మంలో తళతళలాడుతున్నాయి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఏడుపు కూడా వచ్చేలా ఉందని ఆపుకున్నాడు.

"ఉండమని ఒక్క మాట అడగొచ్చు కదక్కా, ఇన్నేళ్ళల్లో."

"అడగను."

"ఎందుకు?"

"అడిగితే ఉంటావు గనక."

"మరి ఇవన్నీ కొని పెట్టడం అడగడం కాదా?"

"అది పెట్టడం," అంది అక్క. "చిన్నప్పట్నుంచీ పెడుతూనే ఉన్నాను. అడగడం వేరు. అడిగితే ఆ పాపం నాదవుతుంది."

"ఇప్పుడు అడుగు. ఒకటో తారీకుకి ఇంకా టైముంది. నోరు తెరిచి ఉండమను, ఉంటాను. అడగకపోతే వెళ్తాను."

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. తమ్ముణ్ణి చూసింది, ట్రంకుపెట్టె పక్కన నిలబడ్డ పిల్లాణ్ణి చూసినట్టు. ఆపైన సింకువైపు తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఈసారి చన్నీళ్ళతో.

పగులు ముందుకి పాకకుండా దాని కొసన సూదంత రంధ్రం వేశాడు తమ్ముడు. సందులోకి జిగురు ఎక్కించి, దారం చుట్టి ఆరనిచ్చాడు. పళ్ళకి తొడుగులు పోసే చేతికి వెండి పట్టీ పోయడం ఒక లెక్క కాదు. పగులు మీదుగా పట్టీ తొడిగితే లండన్‌లో మొదటి అక్షరం దాని కిందికి పోయింది. బావ చేతులు వెనక్కి కట్టుకుని వెనకగదిలోకి వచ్చి, వంగి చూశాడు.

"ఎవరిదిరా?"

"దుకాణం ఆవిడది బావా. ఆవిడ బల్ల ఇస్తానంది. ఒకటో తారీకు నుంచి అక్కడికి వెళ్దామనుకుంటున్నాను."

ఇన్నేళ్ళు గొంతులో మోసిన వాక్యం అంతే ఉంది. చెప్పాక దీపం చూశాడు; రెపరెపలాడలేదు.

బావ ఇంకొంచెం వంగి పట్టీ అంచు చూశాడు. "మంచిదేరా," అన్నాడు. "ఈ గదిలో నీకు వెలుతురు లేదు. నేనే ఎప్పుడో ఒక మాట అనాల్సింది. డాక్టర్లకి నేను సర్దిచెబుతాలే." అని భుజం మీద చెయ్యి వేశాడు. ఎన్నో నెలల తర్వాత వెనకనుంచి ముందుకొచ్చిన చెయ్యి. అది తమ్ముడి భుజం మీద కూచుని, వాన చినుకులకి ఆకు కదిలినట్టు, ఆగకుండా కదులుతూనే ఉంది. ఏ ఒక్క చోట గట్టిగా పట్టుకోలేదు. తమ్ముడు దాని కింద కదలకుండా కూచున్నాడు.

దుకాణం ఆవిడ పైపుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పితిప్పి చూసింది.

"పట్టీ ముందు లేదు."

"లేదండీ. మెడ పగిలింది. నా చేతుల్లోనే. ఒక అక్షరం పట్టీ కిందికి పోయింది. దీన్ని కొనేవారికి ఆ మాట చెప్పే ఇవ్వండి."

ఆవిడ బొటనవేలితో పట్టీ అంచు తడిమింది. "విరిచిన పగులు కాదే ఇది. వేణ్ణీళ్ళ పగులు. ఇంత పని తెలిసినవారు నీళ్ళు పోస్తారా మాస్టారూ?"

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆవిడకీ ఎవరో అక్కో, ఎవరో అమ్మో ఉండే ఉంటారు.

"కొనేవారితో నేను మాట్లాడతాను. బల్ల ఇక మీకే. కుర్చీకి మెత్త కావాలంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత నడుము నొప్పి అంటే ఊరుకోను."

ఆ తర్వాతి రోజులన్నీ తమ్ముడు చెవులు రిక్కించుకుని ఉన్నాడు. అక్క భోజనం పెట్టేటప్పుడు అడుగుతుందేమో. ఉతికిన చొక్కాలు మేడ మీదికి తెచ్చినప్పుడు అడుగుతుందేమో. అక్క చొక్కాల గుండీలన్నీ సరిచూసి, వదులైనవి గట్టిగా కుట్టి ఇచ్చింది. కూర రుచి చూడమంది. మేడ మీద ట్యాంకు నిండిందేమో చూడమంది. ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడింది.

ఒకటో తారీకు పొద్దున తమ్ముడు గరుకు కాగితాలూ చిన్న ఆకురాయీ సంచిలో వేసుకుని మెట్లు దిగాడు. మధ్య అంతస్తు దాటుతుంటే అక్క తలుపు తీసింది. అతను ఆగాడు. ఇప్పుడనుకున్నాడు. లోపల ఏదో సగం భయంగా, సగం ఆశగా లేచి నిలబడింది. ఆ సగంలో ఏది ఎక్కువో అతనికే తెలియలేదు.

"మధ్యాహ్నం భోజనానికి వస్తావా?" అంది అక్క.

"వస్తాను," అన్నాడు, ఆలోచించకముందే.

మూడు వీధులే కదా. ఎవరైనా వస్తామనే అంటారు.

ఆ పొద్దున కిటికీ దగ్గర బల్ల మీద పని బాగా సాగింది. ఒక పాత పైపు గిన్నె లోపలి బొగ్గు అతను చెప్పినట్టల్లా విన్నది. గాలి వచ్చి గరుకు కాగితాలు ఎగరగొడితే, వాటి మీద ఆకురాయి బరువు పెట్టి, ఆ గాలిని కాసేపు మొహం మీద ఉండనిచ్చాడు. దుకాణం ఆవిడ టీ తెచ్చి పెట్టింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు.

అక్క వడ్డించింది. బావ ఎదురుగా కూచున్నాడు. పైపుల మాట రాలేదు, బల్ల మాట రాలేదు. ఎదురింటి కుళాయి మళ్ళీ కారుతోందన్న సంగతి వచ్చింది. కంచం పక్కన ఏమీ లేదు. ఆ ఖాళీ వైపు చూడకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని కిందికి దిగితే, బావ కూడా వెనకే దిగాడు.

"ఒక్క సెట్టురా. పెద్దావిడ. అచ్చులు పొద్దున్నే వచ్చాయి, నీ చోట కొత్తగా చేరినతనికి పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే కాటు కుదరడం లేదు. నువ్వు చెయ్యక్కర్లేదు, చూసి చెప్పు చాలు."

వెనకగది తలుపు దగ్గర బావ నిలబడ్డాడు, చేతులు వెనక. కొత్తతను లేచి కుర్చీ ఇచ్చాడు. "కూచోండి తమ్ముడుగారూ." పెద్దావిడ దవడలు దీపం పక్కన నోరు తెరుచుకుని ఉన్నాయి. కింది వరసలో కోరపన్ను ఒకవైపుకి ఒరిగింది. చూసి చెప్పడానికి మాట వెతుక్కున్నాడు తమ్ముడు. మాట దొరకలేదు. కత్తి దొరికింది. మైనం వేడి చేశాడు.

తల ఎత్తేసరికి ట్యూబులైటు రంగు మారలేదు గనక పొద్దు ఎంత పోయిందో తెలియలేదు. ముందుగదిలోకి వచ్చి చూస్తే వీధిలో దీపాలు.

రెండో రోజూ భోజనానికి వెళ్ళాడు. ఆ తర్వాతి రోజూ. బావ ప్రతిసారీ ఒక్కటే అనేవాడు, అది నిజంగా ఒక్కటే ఉండేది. అక్క ప్రతి పొద్దునా తలుపు తీసి అదే అడిగేది. ఆ ప్రశ్నకి రాను అనే జవాబు ఉందని తమ్ముడికి తెలుసు. దాన్ని నోట్లో పెట్టుకుని మెట్లు దిగేవాడు, తలుపు తెరుచుకునేసరికి కరిగిపోయి ఉండేది.

ఒక పొద్దున దుకాణం ఆవిడ టీ ఇచ్చి వెళ్ళిపోకుండా బల్ల అంచుకి ఆనుకుని నిలబడింది.

"మధ్యాహ్నం నుంచి మళ్ళీ రావడం లేదు మాస్టారూ."

"రాలేకపోతున్నానండీ."

"వెళ్ళగొట్టడానికి అనడం లేదు. పొద్దుటి పని బాగుంటోంది. మీరుండండి." ఆవిడ కిటికీవైపు చూసింది. ఎదురు మేడ నీడ బల్ల మొత్తాన్ని కప్పి ఉంది. "మీరు మొదటిసారి వచ్చినప్పుడు చూశారు కదా. ఈ బల్ల మీదికి ఎండ మధ్యాహ్నం దాటాకే వస్తుంది."

"తెలుసండీ," అన్నాడు తమ్ముడు.

టేబుల్‌లైటు దగ్గరికి లాక్కుని స్విచ్చి వేశాడు.